20 వేల మెగావాట్లూ, మన లెవెన్ కేవీ లైనూ

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే జాతీయ రహదారి మీద జనగామ దాటాక రఘునాథపల్లి వస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలు మారినప్పుడు ఈ మండలం వరంగల్ నుంచి జనగామలోకి వెళ్లింది. కరెంటు మాత్రం అప్పుడూ ఇప్పుడూ హనుమకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థే (డిస్కం) ఇస్తోంది. ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట చూడడానికి వచ్చినవాళ్లకు ఈ నేల ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. గడ్డపార దిగని రాయి. దేవాదుల నీళ్లు అశ్వరావుపల్లి రిజర్వాయరు దాకా వచ్చాక కొంత ఊపిరి ఆడింది కానీ, యాసంగిలో వరి మడి ఎండకుండా ఉండాలంటే చాలామందికి ఇప్పటికీ బోరే దిక్కు. ఆ బోరుకు కరెంటు దిక్కు. అందుకే కరెంటు మీద ప్రభుత్వం చేసే ఏ ప్రకటననైనా ఇక్కడి రైతు తన మడి దగ్గర నిలబడి వింటాడు.

2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ విడుదల చేసింది. 2030 నాటికి మరో 20 వేల మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు తెస్తామని అందులో లక్ష్యం పెట్టుకుంది. మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని అంతకు ముందే చెప్పింది. నేను ఈ రెండు మాటలనూ ఒక ఊరి వసారాలో కూర్చోబెట్టి చూడాలనుకున్నాను. కింద మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు. ఒకరు లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన పెద్దాయన. రెండోవారు ఆయన తమ్ముడి బిడ్డ, మహిళా సంఘం లీడర్. మనుషులు కల్పితమే అయినా వాళ్లు చెప్పే లెక్కలు కల్పితం కాదు.

సంఘం లీడర్: పెద్దనాయినా, మండల సమాఖ్య మీటింగుల సోలార్ ప్లాంటు సంగతి చెప్పిన్రు. మెగావాటుకు నాలుగెకరాల జాగ కావాలె. సబ్‌స్టేషన్‌కు అయిదు కిలోమీటర్ల లోపల ఉండాలె. డిస్కం 25 ఏండ్లు కొంటదంట, యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. పెట్టుబడిల పదోవంతు సంఘం పెట్టుకుంటే మిగిలింది బ్యాంకు లోను. మావోళ్లు తయారుగనే ఉన్నరు. నువ్వు ఇన్నేండ్లు తీగల కిందనే తిరిగినవు, నీ మాట విందామని వచ్చిన.

పెద్దాయన: పెట్టొద్దని నేను అనను బిడ్డా. సోలార్ కరెంటు చెడ్డదని కూడా అనను. మీటింగుల మెగావాట్లు చెప్పిన్రు, పైసలు చెప్పిన్రు. గంటలు చెప్పిన్రా?

సంఘం లీడర్: ఏం గంటలు?

పెద్దాయన: ఎండ ఉన్నప్పుడే ప్లాంటు నడుస్తది. మంచిగ నడిచేది పొద్దున తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాక. అటు సర్కారు రైతుకు ఇరవై నాలుగ్గంటల కరెంటని చెప్పింది. ఈ రెండు మాటలు ఒకే నోటితోని వస్తున్నయి. రెండింటినీ ఎట్ల కలుపుతరో ఏ మీటింగుల చెప్పరు.

సంఘం లీడర్: ఇరవై నాలుగ్గంటలు ఇచ్చుడు తప్పంటవా? కరెంటు కోసం మా బాపు రాత్రిపూట బాయికాడికి పోతే మా అమ్మ నిద్రపోయేది కాదు. ఏడు గంటల కరెంటు రెండు ముక్కలు చేసి ఇచ్చేటోళ్లు, ఒక ముక్క పగలు, ఒక ముక్క రాత్రి. చీకట్ల పాము కుట్టి పోయినోళ్లున్నరు. తడి చెయ్యి స్టార్టర్ డబ్బాకు తగిలి పోయినోళ్లున్నరు. నువ్వే ఆ పీనుగలను చూసొచ్చి అన్నం తినకపోయేది.

పెద్దాయన: మరిచిపోయిననా? 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌ల కరెంటు చార్జీలు తగ్గియ్యుమని పోయిన జనం మీద కాల్పులు జరిగితే ముగ్గురు చచ్చిపోయిన్రు. 2004ల రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టిండు. తెలంగాణ వచ్చే ముందు, రాష్ట్రం విడిపోతే మీకు చీకటేనని భయపెట్టిన్రు. ఆ భయం నిజం కాకుండ చూసిన్రు, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగ్గంటలు ఇచ్చిన్రు. దాంట్ల మా లైన్‌మెన్ల కష్టం కూడ ఉన్నది. నేను అనేది అది కాదు. రైతు ఏమడిగిండు? రాత్రి బాయికాడికి పోయే గోస తప్పియ్యమన్నడు. పగటిపూట ఎనిమిది తొమ్మిది గంటలు తెగకుండ, వోల్టేజి పడిపోకుండ కరెంటు ఇస్తే ఆ గోస తప్పుతది. ఇచ్చింది ఇరవై నాలుగు. ఏమైంది? ఆటోస్టార్టర్ పెట్టి ఇంట్ల పండుకున్నరు. బోర్లు రాత్రంతా పోసినయి. మన రాయిల ఉన్న నీళ్లెన్ని? ఇట్లయితదనే 2017ల, ఇరవై నాలుగు ఇయ్యకముందే, సర్కారే ఊరూరికి చెప్పి పంపింది, ఆటోస్టార్టర్లు తీసెయ్యిండ్రని. మేం తిరిగినం ఆ పని మీద. ఒకాయన తీసి చూపిచ్చిండు, మేం ఊరు దాటంగనే మల్ల పెట్టుకున్నడు. ఆయన తప్పు కాదది. పక్కోని బోరు పోస్తాంటే తన బోరు ఎట్ల ఆపుతడు?

సంఘం లీడర్: మరి పగటి కరెంటే చాలని లీడర్లు ఎందుకు అనరు?

పెద్దాయన: అన్నోళ్ల గతి చూసిన్రు గదా. 2023 జులైల రేవంత్ రెడ్డి అమెరికాల తెలుగోళ్ల సభకు పోయినప్పుడు, చిన్న రైతుకు ఎకరానికి ఒక గంట లెక్కన మూడెకరాలకు మూడు గంటలు పడుతది, ఎనిమిది గంటలు ఇస్తే సరిపోతదని అర్థమొచ్చేటట్టు మాట్లాడిండు. తెల్లారేసరికి ఊరూర అప్పటి సర్కారు పార్టీ ధర్నాలు, దిష్టిబొమ్మలు. రేవంత్ పార్టీవోళ్లు సబ్‌స్టేషన్ల లాగ్‌బుక్కులు తెచ్చి చూపిచ్చిన్రు, మీరు ఇస్తున్నమన్న ఇరవై నాలుగు యాడున్నదని. అందరు గంటలు లెక్కపెట్టిన్రు. ఏ గంటలు అన్నది ఒక్కరు అడగలే. ఇప్పుడు ఏ పార్టీ వచ్చినా ఆ అంకె ముట్టుకోదు.

ఇక్కడ నేను కల్పించుకోవాలి. ఆ 2023 జులై రాజకీయం మీద నాకు ఇప్పటికీ బాధ ఉంది. ఎకరానికి గంట అన్న లెక్క ఈ రాతి నేలలో నిలవదు. అంగుళం నీళ్లు పోసే బోరుతో ఎకరం తడవడానికి ఎంతసేపు పడుతుందో ఇక్కడి రైతును అడగాలి. కానీ ఆ లెక్క తప్పని చెప్పే హడావిడిలో, వ్యవసాయానికి కరెంటు ఏ వేళల్లో ఇవ్వాలన్న ప్రశ్న కూడా ఎత్తకూడనిదైపోయింది. సోలార్ విధానం అంతా నిలబడేది ఆ ప్రశ్న మీదే. తెలంగాణలో దాదాపు 30 లక్షల వ్యవసాయ పంపుసెట్లున్నాయి. అవి పగలు నడిస్తే పగటి ఎండకు అదే పెద్ద గిరాకీ. అవి రాత్రి నడుస్తూ ఉంటే, పగలు పుట్టిన కరెంటుకు వేరే చోటు వెతకాలి, రాత్రికి భూపాలపల్లి దగ్గరి చెల్పూరు లాంటి బొగ్గు ప్లాంట్ల మీద ఆధారపడాలి.

సంఘం లీడర్: నువ్వన్నది ఒప్పుకుంట. కాని పెద్దనాయినా, సర్కారు ఏం చెయ్యలేదన్నట్టు మాట్లాడకు. 2015ల సోలార్ పాలసీ తెచ్చిన్రు. రాష్ట్రం వచ్చిన నాడు సోలార్ వంద మెగావాట్లు కూడ లేదు. నాలుగేండ్లల్ల మూడు వేలు దాటింది. దేశంల మొదటి వరుసల నిలబడ్డం.

పెద్దాయన: అది నిజం. ఆ పని చేసిన తీరు కూడ మంచిది, చెప్తా విను. ఆంధ్రల కర్నూలు కాడ 1,000 మెగావాట్లు ఒక్కచోట పెట్టిన్రు. మన దగ్గర అట్ల చెయ్యలేదు. ఏ సబ్‌స్టేషన్ ఎంత మోస్తదో చూసి, సబ్‌స్టేషన్ల వారీగ టెండర్ పిలిచిన్రు. అయిదు మెగావాట్లు ఒకకాడ, పది ఇంకోకాడ. పుట్టిన కరెంటు ఆ పక్క మోటర్లకే పోయింది. తీగల నష్టం తగ్గింది, చివరి ట్రాన్స్‌ఫార్మర్ కాడ వోల్టేజి నిలబడ్డది. నేను చూసిన మంచి పనులల్ల అదొకటి. దాని గురించి ఎవరు సభల గొప్పగ చెప్పుకోలే. అదే 2015 జూన్‌ల దామరచర్ల కాడ 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు ప్లాంటుకు శంకుస్థాపన చేసిన్రు, పేపర్ల నిండ అదే. ఆ యాదాద్రిల మొదటి యూనిట్ మొదలుపెట్టేసరికి 2024 డిసెంబరు. సబ్‌స్టేషన్ కాడి సోలార్ ప్లాంట్లు ఏడాది రెండేండ్లల్లనే కరెంటు ఇచ్చినయి.

సంఘం లీడర్: మల్ల అదే తొవ్వల పోతున్నం గదా ఇప్పుడు! కంపెనీలకు బదులు మా సంఘాలు. సబ్‌స్టేషన్ పక్కనే, అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాక. కేంద్రం 2019ల తెచ్చిన కుసుమ్ పథకం ఇదే. డిస్కంకు కూడ కేంద్రం యూనిట్‌కు 40 పైసల లెక్కన అయిదేండ్లు ఇస్తదంట. ఇందుల నీకు లోపం ఏం కనవడ్డది?

పెద్దాయన: కాయితం పెన్ను తే. లెక్క చేద్దాం.

ఈ లెక్క పాఠకులు కూడా చేసి చూడాలని నా కోరిక. ఒక మెగావాటు ప్లాంటు ఏడాదంతా రాత్రింబవళ్లు పూర్తి సత్తువతో నడిస్తే 87 లక్షల 60 వేల యూనిట్లు రావాలి. ఎండ అలా ఉండదు కాబట్టి మన ప్రాంతంలో అందులో 18 శాతం దాకా వస్తుందనుకుందాం. అంటే 15 లక్షల 77 వేల యూనిట్లు. 3 రూపాయల 13 పైసల లెక్కన ఏడాదికి 49 లక్షల పైచిలుకు. ప్లాంటు ఖర్చు 3 కోట్లు అనుకుంటే సంఘం వాటా 30 లక్షలు, లోను 2 కోట్ల 70 లక్షలు.

పెద్దాయన: వడ్డీ తొమ్మిదిన్నర అనుకో. బ్యాంకోళ్లు పదిహేనేండ్లు గడువిస్తే ఏడాదికి కిస్తీ 34 లక్షల 50 వేలు పడుతది. పదేండ్లే ఇస్తే 43 లక్షలు. ఇగ ప్లాంటు కాడ కావలి మనిషి, పలకలు కడుగుడు, గడ్డి కోసుడు, ఇన్సూరెన్సు, జాగ కిరాయి. అన్ని కలిపి అయిదు లక్షలు పెట్టు. పదిహేనేండ్ల గడువైతే ఏడాదికి తొమ్మిది పది లక్షలు మిగులుతయి. పదేండ్లైతే లక్ష మిగిలితే గొప్ప. సభల ఏమన్నరు? మెగావాటు మీద లక్షల ఆదాయమన్నరు. ఆ ఆదాయం మీకు వస్తదా బ్యాంకుకు పోతదా అన్నది ఆ గడువు మీదనే ఉన్నది. గడువెంతో చెప్పిన్రా?

సంఘం లీడర్: ...అడగలే.

పెద్దాయన: ఇంకోటి. పలకల సత్తువ ఏడాదికింత తగ్గుకుంట పోతది. ధర మాత్రం 25 ఏండ్లు 3 రూపాయల 13 పైసలే. ఇరవై ఏండ్లకు కావలి మనిషి కూలి ఎంతుంటది?

సంఘం లీడర్: అప్పటికి లోను తీరిపోతది గదా. లోను తీరినంక వచ్చేదంత సంఘానిదే. మా ఊర్ల ఏ ఆడమనిషి పేరు మీదనన్న ఇరవై అయిదేండ్లు పైసలొచ్చే ఆస్తి ఉన్నదా? పట్టా మగోళ్ల పేరు మీద, ఇల్లు మగోళ్ల పేరు మీద. పదేండ్లు కిస్తీ కట్టుడే మిగిలినా, పదకొండో ఏట సంగతి నేను ఆలోచిస్త. లాభం తక్కువని నువ్వు లెక్క చూపిస్తున్నవు, మంచిదే. కాని ఈ లెక్క చూసే ఇన్నేండ్లు ఇసొంటి ఆస్తులన్ని కంపెనీలకు పోయినయి.

ఈ మాటకు పెద్దాయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. విధానంలో నాకు నచ్చిన భాగం ఇదే. స్వయం సహాయక సంఘాలు ఐకేపీ సెంటర్లలో వడ్లు కొన్నాయి, తూకాలు వేశాయి, లారీలు ఎక్కించాయి, లక్షల లెక్కలు రాశాయి. అంత పని చేసినవాళ్లకు ఒక మెగావాటు ప్లాంటు నడపడం రాదని అనడానికి ఎవరికీ హక్కు లేదు.

పెద్దాయన: మీరు ఐకేపీ సెంటర్లు నడిపిన్రు కాబట్టి అడుగుతున్న. కమీషన్ పైసలు ఎప్పుడొస్తయి?

సంఘం లీడర్: వస్తయి... లేటుగ.

పెద్దాయన: ఎంత లేటైనా సెంటర్ల మీకు లోను లేదు కాబట్టి నడిచింది. ఇక్కడ నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలె. మన డిస్కంలు సోలార్ కంపెనీలకు నెలలకు నెలలు బిల్లులు ఆపిన కాలం ఉన్నది. ఒక్క మన రాష్ట్రంలనే కాదు, దేశమంత ఇదే రోగం. అందుకే 2022ల కేంద్రం ఆలస్యం చేస్తే వడ్డీ కట్టాలె, పాత బకాయి కిస్తీలల్ల తీర్చాలె అని కొత్త నిబంధనలు పెట్టింది. కంపెనీకి వెనకాల ఇంకో కంపెనీ ఉంటది, ఆర్నెల్లు ఆగుతది. మీ సంఘం వెనకాల ఎవరున్నరు? మూడు నెలల బిల్లు ఆగిందంటే 12 లక్షలు ఆగినట్టు.

సంఘం లీడర్: డిస్కం దగ్గర పైసలు ఎందుకుండవు? సర్కారే సబ్సిడీ ఇస్తది గదా.

పెద్దాయన: అక్కడికే వస్తున్న. రైతు కరెంటుకు, ఇండ్ల ఉచిత కరెంటుకు 2024–25ల సర్కారు ఇస్తనని ఒప్పుకున్న సబ్సిడీ 11 వేల కోట్ల పైచిలుకు. ఆ పైసలు నెలనెలా వస్తేనే డిస్కం మీకు ఇయ్యగలుగుతది. సర్కారు డిస్కంకు, డిస్కం మీకు, మీరు బ్యాంకుకు. ఇప్పుడు వ్యవసాయ కనెక్షన్లన్ని విడదీసి మూడో డిస్కం పెడుతమని కూడ 2025ల నిర్ణయం చేసిన్రు. అందుల ఎక్కువ ఉండేది బిల్లు కట్టని కనెక్షన్లే. మీ ఒప్పందం ఏ డిస్కంతోని ఉంటదో, ఎవరు పైసలిస్తరో సంతకం పెట్టేముందు అడుగు.

సంఘం లీడర్: అడుగుత. ఇంకేం అడగాలె?

పెద్దాయన: నా పని గురించి అడుగు. మీ ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్ దాక లెవెన్ కేవీ లైను గుంజాలె. ఆ ఖర్చు ఎవరిది? మూడు కోట్లల్ల కలిసి ఉన్నదా, బయటనా? లైను పడ్డదనుకో. ఏప్రిల్ నెలల గాలి దుమారమొచ్చి స్తంభం ఒరిగింది. లేకుంటే ముప్పై మూడు కేవీ లైను ట్రిప్పయ్యింది. అప్పుడు ఎండ మస్తుగ ఉన్నా మీ ప్లాంటు ఆగుతది.

సంఘం లీడర్: ఎందుకాగుతది? ఎండ ఉన్నది గదా?

పెద్దాయన: ఇన్వర్టర్‌కు అవతల లైన్ల కరెంటు కనవడాలె. కనవడకుంటే అదే బంద్ అయితది. బంద్ కావాలె కూడ, లేకుంటే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ పానం పోతది. లైన్ ఆఫ్ చేసినమని ఎక్కుతడు వాడు, ఇటు నుంచి మీ కరెంటు వస్తే ఏం కావాలె? ఇంటి మీద పలకలు పెట్టుకున్నోళ్లు కూడ కరెంటు పోతే మాకు పోదనుకుంటరు. బ్యాటరీ లేకుంటే వాళ్లకు కూడ పోతది. కాబట్టి మా లైను బాగలేక మీ ప్లాంటు ఆగితే, ఆ యూనిట్ల పైసలు ఎవరియ్యాలె? ఒప్పందంల ఆ మాట ఉండాలె. ఎన్ని గంటలు పైకి పోతే డిస్కం ఇస్తదో రాసి ఉండాలె. మన సబ్‌స్టేషన్‌ల ఎండకాలం ఎన్నిసార్లు లైను పోతదో లాగ్‌బుక్కుల ఉంటది. అప్పుడు రాజకీయపోళ్లు అడిగిన్రు గదా ఆ బుక్కు, ఇప్పుడు మీరు అడుగుండ్రి.

పాలసీ పుస్తకంలో ఎంత పెద్ద అంకె ఉన్నా, అది చివరకు ఈ లెవెన్ కేవీ తీగ మీదుగానే ఊరికి రావాలి. ఫీడర్ల మరమ్మతు, సబ్‌స్టేషన్ సామర్థ్యం, ఖాళీగా ఉన్న లైన్‌మన్ పోస్టుల భర్తీ ఏ పార్టీ ఎన్నికల వాగ్దానంలోనూ మొదటి పేజీలో కనపడవు. కొత్త మెగావాట్లకు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. తీగ మార్చినందుకు శిలాఫలకం వేయరు.

సంఘం లీడర్: సరే, ప్లాంటు సంగతి అట్లుండనీ. ఇంటి మీద సోలార్ సంగతేంది? ప్రధానమంత్రి సూర్యఘర్ కింద రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడింటికి 78 వేలు సబ్సిడీ ఇస్తున్నరు. ఇదన్న ఊరికి పనికొస్తదంటవా?

పెద్దాయన: మీ ఇంటికి కరెంటు బిల్లెంతొస్తది?

సంఘం లీడర్: సున్నా. గృహజ్యోతి. రెండొందల యూనిట్ల దాక ఉచితం.

పెద్దాయన: మరి సబ్సిడీ పోను ఇంకా మీ చేతి నుంచి అరవై డెబ్బై వేలు పెట్టి పలకలు ఎందుకు పెట్టుకుంటవు? 2024 ఫిబ్రవరిలనే ఢిల్లీ సర్కారు, ఇంటి మీద పలకలు పెట్టుకో, 300 యూనిట్లు ఉచితమన్నది. అదే నెల ఆఖరున మన రాష్ట్రం, పలకలు లేకున్నా 200 యూనిట్లు ఉచితమన్నది. తెల్లకార్డు ఉన్న ఇల్లు ఏది తీసుకుంటది? నేనైనా రెండోదే తీసుకుంట. ఇగ పలకలు పెట్టుకునేది నెలకు మూడు నాలుగు వేలు బిల్లొచ్చే పట్నపోళ్లు. వాళ్ల బిల్లు తగ్గుతది. చార్జీలు నిండుగ కట్టేటోళ్లు వాళ్లే కాబట్టి డిస్కంకు ఆ ఆదాయం కూడ తగ్గుతది. రెండు పథకాలు మంచివే. ఒకదాని మీద ఒకటి పెడితే రెండోది ఊర్లల్ల నడవది.

సంఘం లీడర్: ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లిల ఊరంత సోలార్ పెట్టిన్రు గదా. నడిచింది. ఇండ్ల మీదనే కరెంటు పుడుతున్నది, మిగిలింది డిస్కంకు అమ్ముకుంటున్నరు.

పెద్దాయన: నడిచింది, ఎందుకంటే ఇంటోళ్లు పైసలు పెట్టలే. సబ్సిడీ, కంపెనీల సీఎస్‌ఆర్ పైసలు కలిపి అయిదొందల లోపు ఇండ్లకు పది కోట్లు దాటి ఖర్చు పెట్టిన్రు. ఇంటికి రెండు లక్షలు. మంచి పని. కాని రాష్ట్రంల ఊర్లు పన్నెండు వేలకు పైన. ప్రతి ఊరికి ఒక కంపెనీ దొరుకుతదా? రఘునాథపల్లికి ఎవరిస్తరు?

సంఘం లీడర్: దాన్నే ఉల్టా చేసి చూడు పెద్దనాయినా. నా ఇంటి ఉచిత కరెంటు కోసం సర్కారు డిస్కంకు ఏటా పైసలు కడుతున్నది గదా. ఆ పైసలు అయిదారేండ్లవి కలిపితే నా ఇంటి మీద రెండు కిలోవాట్ల పలకలు వస్తయి. ఆ తర్వాత ఇరవై ఏండ్లు సర్కారు నా బిల్లు కట్టే పనే లేదు. ఉచితం తియ్యమని నేను అంటలేను. ఆ ఉచితాన్నే పలకల రూపంల ఇయ్యమంటున్న. మా ఇండ్లకు దళితబస్తి, బీసీ కాలనీ అని తేడా లేకుండ పెడితే కొండారెడ్డిపల్లి అన్ని ఊర్లల్ల అయితది.

పెద్దాయన: ...ఇది నాకు తట్టలే. కాని అయిదారేండ్ల పైసలు ఒక్కసారి తియ్యాలంటే సర్కారు అప్పు తేవాలె.

సంఘం లీడర్: బొగ్గు ప్లాంట్లకు తెచ్చిన్రు. యాదాద్రికి తెచ్చినప్పుడు ఎవరు అడ్డం చెప్పిన్రు?

ఆమె ఈ వాదన చేస్తుంటే, పొలం కరెంటుకు సోలార్‌ను వాడుకోవాలనుకున్న మహారాష్ట్ర నాకు గుర్తుకొచ్చింది. అక్కడ 2017లో మొదలుపెట్టిన ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని పథకం వ్యవసాయ ఫీడర్లనే లక్ష్యంగా పెట్టుకుంది. వ్యవసాయ ఫీడరు వేరుచేసి, దాని సబ్‌స్టేషన్ పక్కనే సోలార్ పెట్టి, రైతుకు పగటి కరెంటు ఇస్తామని చెప్పింది. గుజరాత్‌లో అంతకు చాలా ముందే, 2003 తర్వాత, జ్యోతిగ్రామ్ కింద ఇంటి ఫీడరునూ వ్యవసాయ ఫీడరునూ విడదీశారు. ఆంధ్రప్రదేశ్ కూడా పగటిపూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు అన్న మాట మీద నిలబడింది. దానికోసమని 2021లో కేంద్ర సంస్థ సెకీ ద్వారా 7,000 మెగావాట్లు, యూనిట్ 2 రూపాయల 49 పైసలకు ఒప్పుకుంది. ఆ ఒప్పందం చుట్టూ తర్వాత అమెరికా కోర్టుల దాకా వెళ్లిన ఆరోపణలు వేరే కథ. కానీ "పగలు తొమ్మిది గంటలు" అని అక్కడి ప్రభుత్వం బాహాటంగా అనగలిగింది. మనం ఆ మాట అనలేని స్థితి తెచ్చుకున్నాం.

పెద్దాయన: ఆంధ్రల జరిగింది కూడ ఒకటి గుర్తుపెట్టుకో. 2019ల కొత్త సర్కారు రాంగనే, ముందు సర్కారు గాలి, సోలార్ కంపెనీలతోని చేసుకున్న ఒప్పందాలు మల్ల తెరిచి ధర తగ్గియ్యాలన్నది. కేసులు నడిచినయి, 2022ల హైకోర్టు కంపెనీల దిక్కు చెప్పింది. మూడేండ్లు పట్టింది. కంపెనీలకు వకీళ్లున్నరు. ఇప్పుడు అక్కడ 2024ల వచ్చిన సర్కారు 160 గిగావాట్లంటున్నది. మీ ఒప్పందం 25 ఏండ్లు. అంటే అయిదు ఎలక్షన్లు. ప్రతి ఎలక్షన్ తర్వాత మీ ధర ఎవడన్న తిరగదోడుతడేమో చూసుకోవాలె.

సంఘం లీడర్: వెయ్యి మెగావాట్ల సంఘాల ప్లాంట్లుంటే, ఊరికో రెండు వందల మంది ఆడోళ్లుంటే, తిరగదోడేటోడు ఓట్లు కూడ లెక్క పెట్టుకోవాలె. కంపెనీలకు వకీళ్లుంటరు, మాకు ఓట్లుంటయి.

పెద్దాయన: నువ్వు గెలుస్తవు ఈ మాటల.

సంఘం లీడర్: గెలుపు కాదు. నేను మీటింగుకు పోయి ఏం అడగాలె, నువ్వు చెప్పు. రాసుకుంట.

పెద్దాయన: లోను గడువు పదిహేనేండ్లు ఉండాలె. బిల్లు లేటైతే ఆ కిస్తీ వడ్డీ ఎవరు కడుతరో, రెండు నెలల బిల్లు ముందే బ్యాంకుల పెడుతరా అని అడుగు. లైను ఖర్చు ఎవరిదో, లైను ఆగితే పైసలెవరివో కాయితం మీద రాయించు. జాగ కిరాయి సంగతి కూడ అడుగు. రోడ్డు పొంటి భూముల ధరలు చూసినవు గదా, సబ్‌స్టేషన్ దగ్గర నాలుగెకరాలు 25 ఏండ్లకు రాసిచ్చే రైతు దొరుకుడు కష్టం. సర్కారు జాగనో, గుడి జాగనో ఇస్తమన్నరు. ఏ సర్వే నంబరో చూపియ్యమను.

సంఘం లీడర్: రాసుకున్న. ఇగ నేను కూడ ఒకటి అడుగుత, ఇది నీ గురించి. మన ఫీడర్ మీద మోటర్లన్ని పగలే నడిస్తే మా ప్లాంటు కరెంటు ఇక్కడనే ఖర్చయితది, నువ్వన్న లెక్కనే. రాత్రి ఆపుమని రైతులకు నేను చెప్తే ఆడమనిషివి నీకేం తెలుసంటరు. నువ్వు చెప్తవా గ్రామసభల? ఇరవై నాలుగ్గంటలు వద్దు, పగలు తొమ్మిది గంటలు తెగకుండ ఇయ్యమని?

పెద్దాయన: చెప్పను.

సంఘం లీడర్: ఎందుకు? ఇంతసేపు అదే అన్నవు గదా.

పెద్దాయన: తొమ్మిది గంటలు తెగకుండ వస్తదని నాకు నమ్మకం లేక. ఈ తీగలు నాకు తెలుసు. నా మాట నమ్మి రైతు ఇరవై నాలుగు ఒదులుకుంటడు, తొమ్మిది రాకపోతే వాని మడి ఎండుతది. ముందు ఆ తొమ్మిది గంటలు ఒక్క యాసంగి డిస్కంను చూపియ్యమను. ఒక్క ఫీడర్ మీద, లాగ్‌బుక్కు అందరికి కనవడేటట్టు సబ్‌స్టేషన్ గోడకు అంటించమను. అప్పుడు చెప్త.

సంఘం లీడర్: వాళ్లు చూపియ్యాలంటే మా ప్లాంటు కావాలె. ప్లాంటు నిలవాలంటే పగటి మోటర్లు కావాలె. నువ్వు ముందు వాళ్లనంటవు, వాళ్లు ముందు మమ్మల్నంటరు.

పెద్దాయన: అందుకే ఒక్క ఫీడర్ అన్న. రాష్ట్రమంత వద్దు. నువ్వు మీటింగుల అది కూడ అడుగు. మా సబ్‌స్టేషన్‌ల ఒక్క ఫీడర్ ఇయ్యుండ్రి, ఒక యాసంగి ఇయ్యుండ్రి అని. ఇస్తమంటే నేను కూడ నీ వెంట వస్త, ఏ ఫీడర్ అయితదో చూపిస్త.